ఏంజెల్‌మన్ అన్న పేరు ఒక్కటే చాలదు

“ఏంజెల్‌మన్ అని తేలింది కదా, మందు లేదని కూడా చెప్పేశారు కదా. ఇంక ఏ రకమో తెలుసుకుని చేసేదేముంది? మళ్లీ ఇంకో పరీక్ష, ఇంకో ఖర్చు.”

ఈ మాట బంధువుల దగ్గర విన్నాను. థెరపీ సెంటర్ వరండాలో కూర్చున్న తల్లిదండ్రుల దగ్గర విన్నాను. డాక్టర్ల దగ్గరా విన్నాను. అనేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పేరు బయటపడేసరికే ఎంఆర్‌ఐలు, ఈఈజీలు, ఊళ్లు పట్టుకుని తిరగడాలు, మొక్కులు అన్నీ అయిపోయి, మనిషిలో ఓపిక, చేతిలో డబ్బు రెండూ అడుగంటి ఉంటాయి. అయినా ఆ మాట తప్పనే నేనంటాను. ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు అని తేలడం సగం సమాధానమే. ఆ బిడ్డకు ఫిట్స్ ఎంత మొండిగా రావచ్చు, నడక ఎప్పటికొస్తుంది, నాలుగు మాటలైనా వస్తాయా, ఆ తల్లి మళ్లీ గర్భం దాలిస్తే ఏమిటి, ఆమె చెల్లెళ్ల సంగతేమిటి, వీటికి జవాబు మిగతా సగంలో, అంటే అది ఏ రకం జన్యు లోపం వల్ల వచ్చిందన్న దానిలో ఉంది.

చెల్లెలంటే ఎవరో కాదు, నేనే. ఏంజెల్‌మన్ ఉన్నది మా అక్క కూతురికి, మా ఇంట్లో అందరికీ ‘మా అమ్మాయి’.

ఈ జబ్బు 12,000 నుంచి 20,000 మందిలో ఒకరికి వస్తుందని అంచనా. 1965లో హ్యారీ ఏంజెల్‌మన్ అనే ఇంగ్లండు పిల్లల డాక్టరు, తన దగ్గరికి వచ్చిన ముగ్గురు పిల్లల్లో ఒకే తీరు చూసి దీని గురించి మొదటిసారి రాశారు. ఎదుగుదల బాగా ఆలస్యమవుతుంది, మాటలు దాదాపు రావు, నడిస్తే తూలుతూ చేతులు పైకెత్తి నడుస్తారు, ఊరికే నవ్వుతుంటారు, నిద్ర తక్కువ, నీళ్లంటే ప్రాణం. నూటికి 80 మందికి పైగా ఫిట్స్ వస్తాయి, ఎక్కువగా మూడేళ్లలోపే మొదలవుతాయి. ఆయన రాసిన తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు దాకా కారణం తెలియలేదు. 1987లో ఈ పిల్లల్లో 15వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేదని కనిపెట్టారు. 1997లో అసలు జన్యువు దొరికింది. దాని పేరు యూబీఈ3ఏ.

ఇక్కడి నుంచి కాస్త ఓపిగ్గా చదవండి, వ్యవహారమంతా దీని మీదే ఉంది. మనకు ఏ జన్యువైనా రెండు కాపీలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మామూలుగా రెండూ పనిచేస్తాయి, ఒకటి పాడైనా రెండోది ఎంతో కొంత ఆదుకుంటుంది. యూబీఈ3ఏ సంగతి వేరు. మెదడులోని నాడీకణాల్లో దీనికి అమ్మ కాపీ ఒక్కటే పనిచేస్తుంది. నాన్న కాపీ చెక్కుచెదరకుండా ఉంటుంది గానీ పలకదు, పుట్టుకతోనే నిద్రపుచ్చి ఉంటుంది. కాబట్టి అమ్మ కాపీ పోయిందంటే ఆ కణాలకు ఇంకో దిక్కు లేదు. ఇదే ప్రాంతంలో నాన్న వైపు ముక్క పోతే ఏంజెల్‌మన్ రాదు, ప్రాడర్‌-విల్లీ అనే వేరే జబ్బు వస్తుంది. అందులో పిల్లలకు తీరని ఆకలి. ఒకే చోట ఒకే ముక్క పోయినా, ఎవరి వైపుది పోయిందన్న దాన్నిబట్టి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిసారి ఇది చదివిన రోజు నాకు చాలాసేపు వేరే ధ్యాస లేదు.

అమ్మ కాపీ పోవడానికి నాలుగు దారులున్నాయి. నూటికి 70 మందిలో ఆ ముక్క మొత్తం తెగిపోయి ఉంటుంది, డిలీషన్ అంటారు. నూటికి 10 మంది చొప్పున జన్యువు లోపలే డీఎన్‌ఏ అక్షరం తప్పు పడి ఉంటుంది, అది మ్యుటేషన్. కొద్దిమందిలో రెండు క్రోమోజోములూ నాన్న నుంచే వచ్చి ఉంటాయి, యూపీడీ అంటారు. ఇంకొద్దిమందిలో అమ్మ ముక్క ఉన్నా, దాని మీద నాన్నదన్న గుర్తు పడి ఉంటుంది, అది ఇంప్రింటింగ్ లోపం. ఇవి కాక ఏ పరీక్షకూ కారణం దొరకని కొందరు ఉండనే ఉన్నారు.

నాలుగింట్లోనూ పోయింది యూబీఈ3ఏ పనే. మరి లక్షణాలు వేరుగా ఎందుకుంటాయి?

మా అమ్మాయి వెళ్లే థెరపీ సెంటర్‌కు ఒక బాబు వచ్చేవాడు, డిలీషన్ రకం. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చెరో ప్లాస్టిక్ కవరు ఇస్తే చాలు, దాన్ని నలుపుతూ ఆ చప్పుడుకు పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వు చూస్తే అన్నాచెల్లెళ్లే అనుకుంటారు. పోలిక అక్కడితో సరి. మా అమ్మాయి చాప దాటుకుని గోడ పట్టుకుని నిలబడేది. ఆ బాబు కూర్చోవడానికే వెనక దిండు కావాలి. మా అమ్మాయికి ఫిట్స్ జ్వరం వచ్చినప్పుడే ఎక్కువ. అతనికి మూడు మందులు వాడుతున్నా కళ్లు తేలేసే చిన్న చిన్న ఫిట్స్ ఆగేవి కావు. ఇంకో తేడా కూడా ఉంది, అందరికీ కంటికి కనిపించేది, ఎవరూ జబ్బుతో ముడిపెట్టనిది. ఆ బాబు పచ్చగా, గోధుమ రంగు జుట్టుతో ఉండేవాడు. అమ్మానాన్నలిద్దరూ చామనఛాయ. “మా ఇంటా వంటా లేని రంగు, దొరబాబులా పుట్టాడు” అని వాళ్ల నాయనమ్మ మురిసిపోయేది. ఎండలోకి తీసుకెళ్తే మాత్రం కళ్లు చికిలించుకుని మొహం తిప్పేసుకునేవాడు.

ఆ రంగు కూడా డిలీషన్ వల్ల వచ్చిందే. తెగిపోయిన ముక్కలో యూబీఈ3ఏ ఒక్కటే ఉండదు. సుమారు 50 లక్షల నుంచి 60 లక్షల అక్షరాల మేర పోతుంది, దాంతో పాటు చుట్టుపక్కల జన్యువులూ పోతాయి. వాటిలో ఓసీఏ2 అనేది చర్మానికి, జుట్టుకు, కళ్లకు రంగునిచ్చే పనిలో ఉంటుంది. అందులో ఒక కాపీ పోతే, బిడ్డ ఇంట్లో వాళ్లకంటే తెల్లగా పుట్టొచ్చు. తెలుపు మీద మనకున్న మోజు ఎంతటిదంటే, ఒక లక్షణం కళ్లెదుట కనిపిస్తున్నా దాన్ని అదృష్టం కింద జమ కడతాం. ఎదుగుదల ఆలస్యంగా ఉండి, మాటలు రాక, ఫిట్స్ వస్తున్న బిడ్డ ఇంట్లో ఎవరికీ లేనంత పచ్చగా ఉంటే, ఆ విషయం డాక్టరుకు చెప్పాలి. ఆయన అడగకపోయినా చెప్పాలి.

అదే ముక్కలో గాబా అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల జన్యువులు మూడున్నాయి. మెదడులో కణాల హడావుడిని అదుపు చేసేది గాబానే. ఆ జన్యువుల్లోనూ ఒక్కో కాపీ తగ్గడం వల్లే డిలీషన్ పిల్లల్లో ఫిట్స్ మొండిగా ఉంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. సగటున చూస్తే తల చుట్టుకొలత తక్కువ, నడక ఆలస్యం, మాటలు అతి తక్కువ ఉండేది ఈ గుంపులోనే. అందులోనూ రెండు సైజులున్నాయి. పెద్ద ముక్క పోయినవాళ్లలో అదనంగా ఇంకో నాలుగు జన్యువులు పోతాయి, వాళ్లకు ఇబ్బందులు ఇంకాస్త ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించింది.

యూపీడీ, ఇంప్రింటింగ్ లోపం ఉన్న పిల్లల్లో చుట్టుపక్కల జన్యువులకు రెండేసి కాపీలు ఉంటాయి. అందుకే వాళ్లలో ఫిట్స్ తక్కువ, నడక ముందుగా వస్తుంది, చెప్పింది ఎక్కువ అర్థం చేసుకుంటారు, కొద్దో గొప్పో మాటలు కూడా వస్తాయి. పెద్దవుతున్నకొద్దీ ఆకలి, బరువు మాత్రం వాళ్లలోనే ఎక్కువ. ఇంప్రింటింగ్ లోపం కొన్ని కణాల్లోనే ఉండి మిగతావి బాగుంటే, ఆ పిల్లలు చిన్న చిన్న వాక్యాలు కూడా మాట్లాడగలరు. అలాంటివాళ్లను చూసి ఏంజెల్‌మన్ అని ఎవరికీ తట్టదు. ఆటిజం అనో, ఉత్త ఎదుగుదల లోపం అనో రాసి ఫైలు మూసేస్తారు.

మా అమ్మాయిది మ్యుటేషన్. ఈ రకం పిల్లలు సాధారణంగా మధ్యలో ఉంటారు. డిలీషన్ పిల్లలంత ఇబ్బంది ఉండదు, కానీ ఫిట్స్ తప్పవు. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం ఒక రిపోర్టు మీద ఉన్న ‘నార్మల్’ అన్న మాట.

ఈఈజీలో పెద్ద పెద్ద అలలు చూసి ఒక డాక్టరుగారికి ఏంజెల్‌మన్ అనుమానం వచ్చింది. మిథైలేషన్ అనే రక్తపరీక్ష రాశారు. నార్మల్ అని వచ్చింది. మేం చూపించుకుంటున్న ఆస్పత్రిలో “ఏంజెల్‌మన్ కాదు, బతికిపోయారు” అన్నారు. ఇంట్లో ఆ రోజు పండగే. తర్వాత సెరిబ్రల్ పాల్సీ అన్న మాటతో ఏళ్లు నడిచాయి. ఆ లోపు ఫిట్స్‌కు కార్బమజెపిన్ మొదలుపెడితే తగ్గాల్సింది పోయి పెరిగాయి. ఏంజెల్‌మన్ పిల్లల్లో ఆ మందుతో కొందరికి అలా ఎదురు తిరగడం ఉందని, విగాబాట్రిన్ అనే ఇంకో ఫిట్స్ మందు అసలు వాడకూడదని, రకం తేలాక గానీ మాకు తెలియలేదు.

ఆ నార్మల్‌కు అర్థమేమిటో మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మిథైలేషన్ పరీక్ష కవరు మీద అమ్మ పేరుందో లేదో చూస్తుంది, లోపల ఉత్తరంలో ఏముందో చదవదు. డిలీషన్, యూపీడీ, ఇంప్రింటింగ్ లోపం, ఈ మూడింటిలోనూ అమ్మ గుర్తు కనపడదు కాబట్టి పట్టుకుంటుంది. అంటే నూటికి 80 మంది దాకా దొరుకుతారు. మ్యుటేషన్ ఉన్న బిడ్డలో గుర్తు చక్కగా ఉంటుంది, తప్పంతా లోపలి అక్షరాల్లో. అందుకని నార్మల్ అనే వస్తుంది. లక్షణాలు ఏంజెల్‌మన్‌లా ఉండి ఈ పరీక్ష నార్మల్ వస్తే, తర్వాతి మెట్టు యూబీఈ3ఏ జన్యువును అక్షరం అక్షరం చదివించడమే. ఈ ఒక్క వాక్యం మిథైలేషన్ రిపోర్టుల కింద పెద్ద అక్షరాలతో అచ్చువేయాలని నా డిమాండు.

ఇక ఇంట్లో నిజంగా దుమారం రేపిన భాగం. మా అక్కది మేనరికం. అమ్మ తమ్ముడి కొడుకునే చేసుకుంది. పాపకు ఇలా ఉందని తెలిసిన రోజు నుంచి వీధిలో, పెళ్లిళ్లలో, ఆస్పత్రి లైనులో ఒకటే తీర్పు, “మేనరికం చేసుకుంటే ఇంతే మరి.” డాక్టర్లు కూడా కేస్‌షీట్‌లో అది రాసుకుని ఇంకేం అడగడం మానేసేవాళ్లు. మేనరికంతో చిక్కే లేదని నేననను. ఒకే రకం లోపం అమ్మానాన్నలిద్దరిలో దాగి ఉండి, రెండూ బిడ్డకు చేరితే వచ్చే జబ్బులు చాలా ఉన్నాయి, దగ్గర చుట్టరికాల్లో ఆ ప్రమాదం పెరుగుతుంది. ఏంజెల్‌మన్ ఆ కోవలోది కాదు. డిలీషన్ దాదాపు ఎప్పుడూ అండం తయారయ్యేటప్పుడు కొత్తగా జరిగేదే. ఆ దంపతులు మేనరికమైనా, ఏడు సముద్రాల అవతలి మనుషులైనా ఒకటే. మళ్లీ బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు, ఎక్కడో అరుదుగా తల్లిదండ్రుల క్రోమోజోముల అమరికలోనే మార్పు ఉంటే తప్ప.

మ్యుటేషన్ అయితే లెక్క పూర్తిగా మారుతుంది. కొందరు పిల్లల్లో అది కొత్తగా వస్తుంది. కొందరికి తల్లి నుంచి వస్తుంది, అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం. కొన్ని ఇంప్రింటింగ్ లోపాల్లోనూ ఇదే లెక్క. అక్క రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్న రోజులవి. “రకం తెలిస్తే ఏం చేస్తారు” అన్నవాళ్లకు అక్క కడుపులో ఉన్న భయం ఎంతటిదో తెలియదు. నూటికి ఒకటి, నూటికి యాభై, ఈ రెండింటికీ మధ్య ఒక ఆడమనిషి జీవితం వేలాడుతుంటే అదేం పెద్ద విషయం కాదనడం నాకు క్రూరంగా అనిపిస్తుంది.

పరీక్ష చేస్తే అక్కలో అదే మ్యుటేషన్ ఉంది. మరి అక్క ఎమ్మే చదివి, ఉద్యోగం చేస్తూ నిక్షేపంగా ఎలా ఉంది? జెనెటిక్ కౌన్సెలర్ కాగితం మీద మా వంశవృక్షం గీసి, అక్క పేరు నుంచి పైకి ఒక గీత లాగి నాన్న పేరు దగ్గర ఆపింది. నాన్న నుంచి వచ్చింది కాబట్టి అక్కలో అది నిద్రపోయే కాపీలో ఉంది, ఏ హానీ చేయలేదు. అక్క నుంచి పాపకు వెళ్లేసరికి అదే అమ్మ కాపీ అయింది. నాన్న రక్తం ఇచ్చారు, ఉందని తేలింది. “నా దగ్గర్నుంచా అమ్మా?” అని ఒక్కసారే అడిగారు. “మీ తప్పేం లేదు నాన్నా, మీకు తెలిసే అవకాశమే లేదు” అని అక్కే చెప్పింది.

చూశారా, మేనరికం అమ్మ వైపు, మ్యుటేషన్ నాన్న వైపు. అన్నేళ్లు అమ్మను, మామయ్యను, బావను ఆడిపోసుకున్న ఆ తీర్పుకు ఆవగింజంత ఆధారం లేదు. అలాగని నింద నాన్న మీదికి మార్చమని కాదు. అక్షరం ఎవరిలో ఎప్పుడు తప్పుపడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

నాన్నలో ఉందంటే నాకూ సగానికి సగం అవకాశం. పరీక్ష చేయించుకున్నాను, నాకు రాలేదు. అదే పాపది డిలీషన్ అయ్యుంటే నేను ఆ పరీక్ష గురించి ఆలోచించాల్సిన పనే లేదు. బిడ్డ రకం తెలుసుకోవడం ఆ బిడ్డతో ఆగిపోయే విషయం కాదని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే.

ఇందులో నన్ను భయపెట్టే విషయం కూడా ఒకటుంది. డిలీషన్ అని తెలియగానే కొన్ని ఇళ్లలో, కొన్ని థెరపీ సెంటర్లలో కూడా చేతులెత్తేస్తారు. “ఈ రకానికి మాటలు రావు, స్పీచ్ థెరపీ దండగ” అంటారు. ఇది అన్యాయం. నేను పైన చెప్పినవన్నీ సగటు లెక్కలు. ఒకే సైజు డిలీషన్ ఉన్న పిల్లల్లోనూ ఒకరు పరుగెడతారు, ఒకరు చక్రాల కుర్చీలో ఉంటారు. ఇంకా ముఖ్యమైనది, నోటి మాట రానంత మాత్రాన చెప్పాలనుకున్నది లేకుండా పోదు. ఆ బాబుకు బొమ్మల కార్డులు అలవాటు చేస్తే, నీళ్ల బొమ్మ తీసి అమ్మ చేతిలో పెట్టడం నేర్చుకున్నాడు. మాటలు రావడం కష్టమని రకం ముందే చెబుతోందంటే, బొమ్మలు, సైగలు, ట్యాబ్ లాంటివి ఇంకా ముందుగా మొదలుపెట్టాలని అర్థం. ఫిట్స్ మొండిగా ఉండొచ్చని చెబుతోందంటే, జ్వరం వచ్చినప్పుడు ఏం చేయాలో, ఏ మందు ఇంట్లో ఉంచుకోవాలో ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలని అర్థం. జన్యు రిపోర్టును చికిత్స ఆపడానికి సాకుగా వాడేవాళ్లను నేను ఒప్పుకోలేను.

మందు లేదన్న మాట కూడా ఇప్పుడు మునుపటంత గట్టిగా అనలేం. నాన్న కాపీ నిద్రపోతోందే తప్ప పాడవలేదు కదా, దాన్ని లేపితే? ఈ దారి తెరుచుకుంది. 2012లో నేచర్ పత్రికలో అచ్చయిన పరిశోధనలో, టోపోటెకాన్ అనే క్యాన్సర్ మందు ఎలుకల నాడీకణాల్లో నాన్న కాపీని మేల్కొలిపిందని చూపించారు. ఇప్పుడు ఆ కాపీని లేపడానికే నడుమున సూదితో ఇచ్చే యాంటీసెన్స్ మందుల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి, మూడో దశ దాకా వచ్చాయి. 2020లో అలాంటి ఒక ప్రయోగంలో మందు తీసుకున్న అయిదుగురికీ కాళ్లు బలహీనపడటంతో ఆపేశారు. తర్వాత వాళ్లు కోలుకున్నారు, మోతాదు తగ్గించి, ఇచ్చే తీరు మార్చి మళ్లీ మొదలుపెట్టారు. అందుకని రేపే మందు వచ్చేస్తుందని ఎవరికీ ఆశ పెట్టను. అయితే ఆ ప్రయోగాల్లో చేర్చుకునే ముందు చూసేవాటిలో జన్యు రకం ఒకటి. పెద్ద ప్రయోగాల్లో ఒకటి పూర్తి డిలీషన్ ఉన్న పిల్లలతోనే మొదలైంది. డిలీషన్‌లో నాన్న కాపీ లేచినా పోయిన పక్క జన్యువులు తిరిగిరావు. యూపీడీలో నిద్రపోయే కాపీలు రెండున్నాయి, రెండూ ఒకేసారి లేస్తే మోతాదు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. 15వ క్రోమోజోమ్‌లోని ఈ భాగమే అదనంగా ఉన్న పిల్లల్లో ఆటిజం, ఫిట్స్ కనిపిస్తాయి మరి. ఒకే మందు నాలుగు రకాలకూ ఒకేలా పనిచేయాలని లేదు.

హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, డీఎన్‌ఏ పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. 2021 అరుదైన జబ్బుల విధానం కింద కేంద్రం గుర్తించిన కేంద్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఒకసారి అక్కడికి వెళ్లండి. మిథైలేషన్ తేడాగా వస్తే అంతటితో ఆగకుండా మైక్రోఅరే వంటి పరీక్షతో డిలీషనేమో చూడమనండి. అది కాకపోతే అమ్మానాన్నల రక్తంతో పోల్చి యూపీడీనో ఇంప్రింటింగ్ లోపమో తేల్చమనండి. నార్మల్ వస్తే యూబీఈ3ఏ చదివించమనండి. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు మళ్లీ బిడ్డకు వచ్చే అవకాశం ఎంతో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

మా ఇంట్లో ఇంకా ఒక పని మిగిలే ఉంది. నాన్నకు అది కొత్తగా వచ్చిందో, తాతయ్య నుంచి వచ్చిందో తెలియదు. తాతయ్య, నాయనమ్మ ఇద్దరూ లేరు. మేనత్త పిల్లల గురించి బెంగ లేదు. ఆమెలో ఉండి వాళ్లకు చేరి ఉంటే జబ్బు రూపంలోనే కనిపించేది, వాళ్లందరూ పెరిగి పెద్దై బాగున్నారు. బాబాయి సంగతి అలా కాదు. ఆయనలో ఉంటే కూతుళ్లిద్దరిలో ఎవరికైనా చేరి, అక్కలో లాగే నిశ్శబ్దంగా ఉండొచ్చు. పెద్దమ్మాయికి వచ్చే మాఘమాసంలో పెళ్లి. “మన వంశంలో అలాంటివి లేవమ్మా, ఇప్పుడు ఈ పరీక్షలేమిటి, అవతలివాళ్లకు తెలిస్తే?” అంటాడు బాబాయి. మగవాళ్ల నుంచి మగవాళ్లకు ఎన్ని తరాలైనా చప్పుడు లేకుండా నడవగల లోపమిది, వంశంలో కనపడకపోవడం లేదనడానికి రుజువు కాదని చెబుతూనే ఉన్నాను. పిల్లల్ని కదిలించక్కర్లేదు, పెళ్లివారికి చెప్పక్కర్లేదు. బాబాయి ఒక్కడూ కాస్త రక్తం ఇచ్చి, అందులో లేదని వస్తే కూతుళ్లిద్దరి సంగతీ ఒకేసారి తేలిపోతుంది. ఉందని వస్తే ఆ పిల్లలకు చెప్పే పూచీ నాది. సంక్రాంతికి అందరం తెనాలిలో కలుస్తున్నాం, ఈసారి నాన్నే మాట్లాడతానన్నారు.